అడుగున కనబడే అంకె

ఈ ఉదయం మా పరీక్షశాలలో కొత్తగా చేరిన అమ్మాయి వైట్‌నర్ సీసా మూత తీసింది. ఘాటైన ఆ వాసన నా గది దాకా వచ్చింది. కిటికీలు మూసి ఉన్న గదిలో అది త్వరగా పోదు. లేచి వెళ్ళి సీసా అడిగి తీసుకున్నాను. ఎందుకో ఆమెకు చెప్పలేదు. చెప్పాలంటే ఎస్. దేవసహాయం సార్ గురించి చెప్పాలి. ఆయన గురించి చెప్పాలంటే నేను చేసినదీ చెప్పాలి.

కట్టడాల దగ్గర పోసిన కాంక్రీటులో కొంత తీసి క్యూబులుగా చేసి మా దగ్గరికి తెస్తారు. ఇరవై ఎనిమిది రోజులు నీళ్ళ తొట్టిలో ఉంచి, ఆ రోజే తడిగా బయటికి తీసి, యంత్రంలో నొక్కి, పగిలినప్పటి బలాన్ని రిజిస్టరులో రాస్తాం. నేను చేరినప్పుడు ఆ పనికి దేవసహాయం సార్ పెద్ద. తరతరాలుగా పుదుచ్చేరిలో స్థిరపడిన కుటుంబం. ఇంట్లో తెలుగే మాట్లాడేవారు గానీ తెలుగు అక్షరం రాదు. బైబిలు అరవంలో చదివి, ప్రార్థన మాత్రం తెలుగులో చేసేవారు. ఇందిరా నగర్‌లో మా ఇంటి నుంచి చర్చికి వెళ్ళినవాడిని నేనొక్కడినే, అదీ ఆయన వెంటే. మొదటి రోజే రిజిస్టరు నా ముందు పెట్టి చెప్పారు: "తప్పు రాస్తే ఒక్క గీత కొట్టు నాయనా. అడుగున ఉండే అంకె కనబడాల. పక్కన సరైంది రాసి నీ సంతకం పెట్టు. ఆ తెల్లమందు మాత్రం పూయబాకు. దాంతో తప్పు పోదు, దాక్కుంటాది."

తొట్టి బాధ్యత మంగక్కది. రోజూ కిరుమాంబాక్కం నుంచి బస్సులో వచ్చేది. ఏ క్యూబు ఏ రోజు తీయాలో గోడ మీద సుద్దతో గీతలు పెట్టుకునేది. ఒక్కరోజు కూడా తప్పలేదు. "ఇంజినీరు సారుకి పుస్తకం కావాల, నాకు గోడ చాలు" అని నన్ను ఆటపట్టించేది.

ఒక బడి భవనానికి సంబంధించిన మూడు క్యూబులను ఆమె సరిగ్గా ఇరవై ఎనిమిదో రోజున తీసి బల్ల మీద పెట్టింది. నేను స్నేహితుడి నిశ్చితార్థమని మధ్యాహ్నమే వెళ్ళిపోయాను. మూడు రోజుల తర్వాత వచ్చి, ఎండిపోయిన ఆ క్యూబులను పగలగొట్టాను. క్యూబు వయసు ఎన్ని రోజులో రాసే గడిలో అలవాటు కొద్దీ ఉన్నదున్నట్టు 31 అని రాశాను. తర్వాత భయం వేసింది. వైట్‌నర్ పూసి, ఆరాక, 28 అని దిద్దాను. కానీ ఎండిన క్యూబు తడిదాని కంటే ఎక్కువ బలం చూపుతుంది. ఆ అంకెలు అనుమానం పుట్టించేంత ఎక్కువగా ఉన్నాయి. మేమంతా ముదలాళి అని పిలిచే యజమాని నిలదీశారు. "పరీక్ష సరైన రోజే చేశాను. మంగక్క మూడు రోజులు ముందే నీళ్ళలోంచి తీసేసినట్టుంది" అన్నాను. భవనం నుంచి మళ్ళీ నమూనాలు తీసి చూశారు. భవనానికి ఏ లోపమూ లేదు. మంగక్క ఉద్యోగం మాత్రం పోయింది.

నెల తర్వాత చర్చిలో జరిగిన ఉపవాస కూడికలో నేను లేచి ఏడుస్తూ సాక్ష్యం చెప్పాను: పనిలో ఒక పాపం చేశాను, ప్రభువు నన్ను క్షమించాడు. అందరూ స్తోత్రం అన్నారు. నిజంగానే గుండె తేలికైంది. బయట స్కూటరు దగ్గర సార్ నా కోసం ఆగి ఉన్నారు.

"ఆ పేజీని ఎలుతురుకి పట్టి చూసినాను. అడుగున ముప్పై ఒకటి ఉండాది" అన్నారు. నేను తల దించుకున్నాను.

"మంగక్కకి చెప్పినావా?"

"ప్రభువుకి చెప్పినాను సార్."

"ప్రభువు ఉద్యోగం పోలేదు కదరా." ఆయన నవ్వలేదు. "కిరుమాంబాక్కానికి బస్సులకి కొదవా? ఒక్కడివే పోలేకపోతే నేనొస్తా పద."

వచ్చే ఆదివారం అన్నాను. సోమవారం సార్ ముదలాళి దగ్గరికి వెళ్ళి, ఆ పేజీని సరిచూడకుండా సంతకం పెట్టింది తానేనని, మంగక్క తప్పు లేదని చెప్పి, నిలబడి తిట్లు తిన్నారు. నా పేరు ఎత్తలేదు. అది నేను చెప్పవలసిన మాట గనక వదిలేశారని ఇప్పుడు అనుకుంటాను. మళ్ళీ పనిలోకి రమ్మని మంగక్కకు కబురు వెళ్ళింది గానీ ఆమె తిరిగి రాలేదు. నాలుగు ఆదివారాలు సార్ "పోయినావా?" అని అడిగారు. నాలుగు సార్లూ ఒక కారణం చెప్పాను. ఐదో వారం నుంచి అడగడం మానేశారు. నన్ను వదిలిపెట్టారనుకుని ఊపిరి పీల్చుకున్నాను.

ఆ ఏడాదే ఆయన ఉద్యోగ విరమణ చేశారు, ఆయన కుర్చీ నాకు వచ్చింది. ఆరేళ్ళకు ఆయన పోయారు. సమాధి మీద మన్ను వేసి వచ్చిన మరుసటి ఆదివారం కిరుమాంబాక్కం బస్సెక్కాను. ప్రయాణం అరగంటైనా పట్టలేదు.

మంగక్క మెయిన్ రోడ్డు పక్కన ఇడ్లీ పిండి అమ్ముతోంది. నన్ను పైనుంచి కిందికి చూసింది.

"యాడ తప్పిపోయినావు ఇన్నేండ్లు?"

చెప్పాను. ముప్పై ఒకటి, ఇరవై ఎనిమిది, వైట్‌నర్, ముదలాళి, నా నోటితో అన్న మాట, అన్నీ. ఆమె ఎవరికో పిండి కొలిచి ఇచ్చి, చేతులు కడుక్కుని వచ్చింది.

"నాకు తెలీదా ఏంది? నా గోడకి తెలీదా? ఏటేటా క్రిస్మసుకి సార్ కేకు తెచ్చేవాడు. చెయ్యి కడుక్కోక ముందే అడిగేవాడు, వాడొచ్చినాడా అని. రాలేదు సార్ అంటా. వస్తాడు మంగా, వచ్చినప్పుడు నాలుగు తిట్టి, ఆమీద కూచోబెట్టు అనేవాడు." కొంగుతో స్టూలు తుడిచింది. "మొదటేడు మంచి తిట్లే దాచి పెట్టుకున్నా. ఇప్పుడు ఒక్కటీ గెవనం రాలేదు. కూచో."

కూర్చున్నాను. ఆయన నన్ను అడగడం మానేశారంతే. ఆమెను ఆరు క్రిస్మసులు అడిగారు. ఆరుసార్లూ "రాలేదు" అన్న జవాబు విని, అదే దారిన స్కూటరు మీద తిరిగి వెళ్ళారు. మంగక్క నన్ను క్షమించింది. ప్రభువు అంతకు ముందే క్షమించాడని నమ్ముతాను. అయినా ఆ ఆరు తిరుగు ప్రయాణాలు నా లెక్కలో అలాగే ఉన్నాయి.

మరునాడు పాత రిజిస్టరు తీశాను. ఆ పేజీలో సార్ తన సంతకం మీద ఒక్క గీత కొట్టి, పక్కన తేదీతో మళ్ళీ సంతకం పెట్టి ఉన్నారు. వయసు గడిని మాత్రం ముట్టుకోలేదు. నేను 28 మీద ఒక్క గీత కొట్టి, పక్కన 31 అని రాసి, ఆ రోజు తేదీ వేసి సంతకం పెట్టాను. తేదీ చూసిన ఎవరికైనా ఎంత ఆలస్యమో తెలుస్తుంది.

ఈరోజు సాయంత్రం, కొత్తగా చేరిన ఆ అమ్మాయిని పిలిచి, ఆ పేజీ తెరిచి ఆమె ముందు పెట్టాను.