టెంకాయా, నిమ్మకాయా?

నేత మిల్లుల ఊరైన సూలూరు వెళ్ళే బస్సులో ఒకావిడ నా ముందు సీటులో కూర్చున్నదనేది నిశ్చయం. ఆమె ఏదో మిల్లువాళ్ళు నడిపే బడిలో టీచరమ్మ అని కండక్టరు చెప్పాడు. అది విన్న మాట మాత్రమే.

నేను కొత్త సైన్సు మాస్టరుని. మా పిల్లలంతా మిల్లు కార్మికుల బిడ్డలే; తరగతిలో ఒక్క పిల్లవాడూ నోరు విప్పడు. ఇలాగే సాగితే నా ఉద్యోగం ఖాయం కాదని ప్రధానోపాధ్యాయుడు హెచ్చరించారు. ఆ దిగులే ఆమెతో చెప్పుకున్నాను.

"వాళ్ళ అమ్మా నాయనా మగ్గాల రొదలో చేతులతోనే కదా తంబీ మాట్లాడేది? నోటిని ఎందుకు అడుగుతావు, చేతిని అడుగు" అంటూ ఆమె సంచిలోంచి ఒక టెంకాయ, ఒక నిమ్మకాయ తీసి పైకెత్తింది. బస్సు నిండా షిఫ్టుకు వెళ్ళే మిల్లు కార్మికులు.

"రెండూ ఒకేసారి వదిలితే ఏది ముందు పడుతుంది? టెంకాయ అయితే పిడికిలి, రెండూ కలిసి అయితే అరచెయ్యి!"

బస్సంతా చేతులు లేచాయి. పిడికిళ్ళే ఎక్కువ.

"ఒరే, అరచెయ్యి దించరా, నీకేం తెలుసు!" అని వెనకనుంచి ఎవరో ఎగతాళి చేశారు.

ఇంతలో ఆమె దిగవలసిన చోటు వచ్చింది. కాయలు సంచిలో వేసుకుని, జవాబు చెప్పకుండానే నవ్వుతూ దిగిపోయింది.

"సారూ, మీరు బదులు చెప్తేనే బండి కదులుతుంది" అన్నాడు కండక్టరు. నా అన్నం డబ్బానూ, జేబులోని సుద్దముక్కనూ ఒకేసారి వదిలి చూపించవలసి వచ్చింది. రెండూ కలిసే పడ్డాయి. అరచేతుల పక్షం ఈలలు వేసింది.

మర్నాడు తరగతిలో అదే ప్రశ్న అడిగి, జవాబు వెంటనే చెప్పకుండా, చేతులతోనే బదులివ్వమన్నాను. చేతులన్నీ లేచాయి, క్రమంగా నోళ్ళూ తెరుచుకున్నాయి. ఉద్యోగం నిలిచింది.

పిల్లలను కదిలించింది చేతి సైగా, లేక జవాబును కాసేపు దాచడమా అన్నది మాత్రం నేటికీ తేల్చలేకపోయాను. తేల్చాలంటే సగంమంది సైగ చెయ్యకుండా చేతులు కట్టుకుని కూర్చోవాలి. అందుకు ఎవరు సిద్ధమని అడిగాను. తరగతంతా ఒక్కసారిగా చేతులు అడ్డంగా ఊపింది.