దీపాల వేళ మూసిన తలుపు

ఆ రోజుల్లో మా సంగారెడ్డిలో నలుగురు ఊరికే కూర్చుంటే దానికొక పేరు పెట్టాలని ఎవరికీ తోచేది కాదు. కూర్చునేవారు, అంతే. దానికి పేరు చెప్పి, నా చేత ఏర్పాట్లు చేయించి, నా ప్రాణం తోడినవాడు డెన్మార్క్ దొర. పాడిపశువుల పెంపకం నేర్పడానికి వచ్చిన ఆ పొడుగాటి మనిషికి నేను దుబాసీని. (దొర ఉన్నన్నాళ్లే నా ఉద్యోగం.) చలికాలం రాగానే ఆయనకు ఇంటి బెంగ పట్టుకుంది. అన్నం ముట్టడు, బర్రెల వంకయినా చూడడు. మా ఆఫీసు పెద్ద సాబు నన్ను పిలిచి, "దొర వాపస్ పోయిండంటే నీ నౌకరీ గూడ పాయె. ఏం జేస్తవో ఏమో, ఆయన్ని ఖుషీగ ఉంచు" అన్నాడు. అదేదో నా చేతిలో పని అయినట్టు!

ఏం కావాలని దొరనే అడిగాను. "మా దేశంలో చలికాలం సాయంత్రాలు 'హ్యూగ' అని ఒకటుంటుంది. తలుపు వేసుకుని, కొవ్వొత్తి వెలిగించుకుని, దగ్గరివాళ్లు కొందరే వెచ్చగా కూర్చోవడం. ఎవరికీ తొందర ఉండదు. జర్మనీవాళ్లకూ, హాలండువాళ్లకూ ఇలాంటివి ఉన్నాయి. మీకు లేదా?" అన్నాడు. వెళ్లి ఆఫీసులో అడిగాను. పెద్ద సాబేమో "సుకూన్ అని చెప్పు" అన్నాడు. మా హెడ్ గుమాస్తా అదే తెలుగులో "ప్రశాంతి" అన్నాడు. రెండూ మోసుకెళ్లి వినిపిస్తే దొర నిట్టూర్చాడు. పేరు అందరూ చెబుతారు, వస్తువు మాత్రం నేను తేవాలి.

నేనుండేది పెద్దమ్మ ఇంట్లో, ముందుగదిలో. ఆమెను వంటింట్లోంచి కదలొద్దని బతిమాలి, గది ఊడ్చి, బజారు నుంచి కొవ్వొత్తులు తెచ్చి, పొద్దుగూకగానే దొరను కుర్చీలో కూర్చోబెట్టి వీధి తలుపు గడియ వేశాను. కొవ్వొత్తికి అటు దొర, ఇటు నేను. ఆయన కొవ్వొత్తిని చూస్తాడు, నేను ఆయన్ని చూస్తాను, హ్యూగ వచ్చిందా లేదా అని. "బాగుందా?" అంటాను. "బాగుంది" అంటాడు, పన్ను పీకించుకునేవాడి ముఖం పెట్టి.

అంతలో తలుపు దబదబా మోగింది. మా గల్లీలో దీపాల వేళ వీధి తలుపు మూయరు, లక్ష్మి వచ్చే వేళ అది. మూశారంటే లోపల ఎవరికో ఏదో అయిందని అర్థం. (పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి తెలిసిన సంగతి ఆ పూటే గుర్తు రాకపోవడం నా ఖర్మ.) గడియ తీసేసరికి గల్లీ అంతా గుమ్మంలో ఉంది.

"ఏంది బేటా, దొరకు పానం మంచిగ లేదా? గిట్ల మోంబత్తి పెట్టి తలుపేసినవేంది?" అంది పక్కింటి ఖాలా.

"మంచిగనే ఉన్నడు ఖాలా. సప్పుడు లేకుంట కూసోవాల్నట."

"హాయ్ అల్లా! పరాయి ముల్కులున్నోన్ని సప్పుడు లేకుంట కూసోవెడ్తవా? పరేషాన్ గాడా?" అంటూ నన్ను పక్కకు నెట్టి లోపలికి వచ్చింది. ఆమె వెనకాల అందరూ. ఒకామె మిరియాల కషాయం తెచ్చింది. మీసాల మామ ఒకాయన దొర నాడి పట్టుకున్నాడు. ఖాలా ఎండుమిరపకాయలతో దిష్టి తీసింది. వంటింట్లో ఉంటానని మాటిచ్చిన పెద్దమ్మ, ఉడికించిన అనపకాయలు గంపెడు తెచ్చి చాప మీద కుమ్మరించి, "కూసోర్రి, ఒలుసుకుంట తినుర్రి" అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. "పెద్దమ్మా, జెర ఊకోర్రి! నా నౌకరీ పోతది!" అని అరిచాను.

"నౌకరీ పోతే పాయె గని, ఆ మోంబత్తి ఇటు వట్టు. గింజలు కనవడ్తలెవ్వు."

కొవ్వొత్తి పట్టుకుని, పళ్లు కొరుక్కుంటూ నిలబడ్డాను. దొర కుర్చీ దిగి చాప మీదికి చేరాడు. ఖాలా చూపించినట్టు కాయ నొక్కితే గింజ ఎగిరి మామ మీసంలో పడింది. ఇక మామ తన బర్రె తనను గడ్డివాములోకి తన్నిన కథ ఎత్తుకున్నాడు. తెలుగులో చెప్పమని గానీ, ఇంగ్లీషులో చెప్పమని గానీ నన్నెవరూ అడగలేదు. దొర అందరికంటే ముందే నవ్వుతున్నాడు. వెళ్తూ వెళ్తూ నా భుజం తట్టి, "రేపు కూడా తలుపు మూస్తావు కదూ?" అన్నాడు.

దొర ఉండిపోయాడు, నా నౌకరీ నిలిచింది. కానీ ఆ సాయంత్రం ఎలా ఉండిందని ఇప్పుడెవరైనా అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. మామ కథ చివరికి ఏమైందో కూడా నాకు తెలియదు. "ఇగ కూసో రా" అని పెద్దమ్మ ఎన్నిసార్లు పిలిచిందో! కూర్చోలేదు, కోపంగా ఉన్నాను మరి. ఆ మూతిముడుపు కుర్రాణ్ని తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. కాస్త జరిగి చోటిచ్చి, వాణ్ని చెయ్యి పట్టి ఆ చాప మీద కూర్చోబెట్టాలనిపిస్తుంది.