మంచులో నిలబడిన చక్రవర్తీ, కబ్ద్ గుడారంలో మా గౌస్ సారూ

గౌస్ సారు ఇక లేరన్న వార్త నాకు కువైట్ మిర్కాబ్‌లో, మధ్యాహ్నం దుకాణం షట్టరు సగం దించుతుండగా అందింది. ఆయనతో ఒకే టైపింగు ఆఫీసులో పనిచేసే మలబారీ మిత్రుడు రోడ్డు దాటి వచ్చి ‘మాస్టర్ ఖలాస్’ అని రెండే మాటలు అన్నాడు. టైపు మిషను ముందు కూర్చున్నవారు కూర్చున్నట్టే ఒరిగిపోయారట. ఆసుపత్రికి చేర్చేలోపే ప్రాణం పోయిందట. నాకు ముందు దుఃఖం రాలేదు, కోపం వచ్చింది. ఇఖామా అనే నివాస పర్మిట్టు గడువు తీరినట్టు, ఫారం మీద ముద్ర పడినట్టు, ఖలాస్ ఏమిటి? అంత మనిషికి ఆ మాటా? షట్టరు వదిలేసి అక్కడే మెట్టు మీద కూలబడ్డాను.

షేక్ గౌస్ మొహియుద్దీన్ గారు ప్రొద్దుటూరు వాస్తవ్యులు. ఒకప్పుడు అక్కడి కళాశాలలో చరిత్రోపన్యాసకులు. చరిత్రాధ్యయనమే ఊపిరిగా, నిరాడంబరతే ఆభరణంగా జీవించిన సౌజన్యమూర్తి. పాఠం చెప్పే కాలేజీ మూతపడ్డాక కువైట్ చేరి, మిర్కాబ్‌లో ఇతరుల అర్జీలు టైపు చేస్తూ పన్నెండేళ్ళు గడిపారు. ఆయన విద్వత్తు ఎంతటిదో ఆయనతో ఒకే గదిలో ఉన్న మా ఆరుగురికి తప్ప ఈ ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఆయన నలభయ్యో రోజు ఫాతిహా ముగిసింది కనుక, తెలిసినవాడిగా ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. రాయడానికి నాకున్న అర్హత ఒక్కటే, ఆయనకు నేను ఋణపడి ఉండటం.

శుక్రవారం జుమ్మా నమాజు ముగించి, భోజనాలయ్యాక, తిన్న పళ్ళేలు కడగనిచ్చేవారు కాదు సారు. ఒక పళ్ళెం ఇటు, ఒక పళ్ళెం అటు పెట్టి, మధ్యలో ఉప్పు డబ్బా నిలబెట్టేవారు. ఇది క్రైస్తవ మతాధిపతి పోపు, అది చక్రవర్తి, ఉప్పు డబ్బా బిషప్పు. ఇది తొమ్మిది వందల ఏళ్ళ కిందటి ఇటలీ. బిషప్పు అంటే ఆ కాలాన మతగురువే కాదు, ఊళ్ళూ పొలాలూ ఏలే ప్రభువు కూడా. అతని వేలికి ఉంగరం తొడిగి, చేతికి దండం ఇచ్చే అధికారం ఎవరిది? దేవుడి తరఫున పోపుదా, భూమి ఇచ్చినందుకు చక్రవర్తిదా? దానికోసం ఇద్దరూ ఒకరినొకరు పదవి నుంచి దింపుకున్నారు. పోపు చక్రవర్తిని మతం నుంచే వెలివేసి, అతనికి విధేయులుగా ఉండనక్కరలేదని ప్రజలకు చెప్పేశాడు. చెబుతూ చెబుతూ సారు పళ్ళేలు జరుపుతుంటే, ఉప్పు డబ్బా ఏ పక్కకు ఒరుగుతుందోనని మేం ఆరుగురం గుడ్లప్పగించి చూసేవాళ్ళం.

“సాయిబులు మీరు. ఆ పాదరీల గొడవ మీకెందుకు సారూ?” అని ఒకసారి నేనే ఎగతాళి చేశాను.

“జీతమిచ్చేవాడు ఒకడు, ఇఖామా ఇచ్చేవాడు ఇంకొకడు. ఆ గొడవ మనది కాక ఇంకెవరిదబ్బీ?” అన్నారు. అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు.

ఆయనకు పోపు మీదా ప్రేమ లేదు, చక్రవర్తి మీదా లేదు. “వాళ్ళ పేర్లు రాళ్ళమీద చెక్కి ఉండాయి. నడమ నలిగిన బిషప్పులు ఏమైరో ఎవరికీ పట్టలేదు. నాకు వాళ్ళు కావాల” అనేవారు. ఆ బిషప్పుల మీదే తెలుగులో ఒక గ్రంథం రాస్తుండేవారు. పద్నాలుగు నోటు పుస్తకాలయ్యాయి. అరబ్బీ, ఇంగ్లీషు తప్పుల్లేకుండా టైపు చేసే మనిషి ఆ గ్రంథాన్ని మాత్రం చేత్తోనే రాశారు.

అలాంటి బిషప్పును నేనే అవుతానని ఆనాడు అనుకోలేదు. నేను పనిచేసే ఎలక్ట్రిక్ సామాన్ల దుకాణాన్ని నడిపేది ఒక వ్యాపారి, అతన్ని అందరం ముదీర్ అనేవాళ్ళం. లైసెన్సూ, మా ఇఖామాలూ అబూ నాసర్ అనే ఆయన పేరున ఉండేవి. గౌస్ సారుకు కూడా ఆయనే కఫీల్, అంటే ఇఖామాకు పూచీ ఉండే అరబ్బు యజమాని. ఒక చలికాలం ముదీర్ కఫీల్‌ను అడక్కుండా ఒక సేల్స్‌మన్‌ను తెచ్చుకున్నాడు. కఫీల్‌కు తిక్క రేగి, తన మనిషిని పంపి దుకాణం తాళంచెవి తెమ్మన్నాడు. తాళంచెవి నా దగ్గర ఉంది. జీతమిచ్చేది నేను, చెవి నాకే ఇమ్మని ముదీర్. ఇఖామా నాది, నాకే ఇమ్మని కఫీల్. నేను చేసిన తెలివి తక్కువ పని వినండి. ఒక చెవి కఫీల్ మనిషికిచ్చి, డూప్లికేటు ముదీర్ చేతిలో పెట్టాను. ఇద్దరికీ మంచివాణ్ణి అనిపించుకుందామని! మర్నాటికి ఇద్దరికీ దొంగనయ్యాను.

ముదీర్ నన్ను తిట్టి ఊరుకున్నాడు. కఫీల్ ఊరుకోలేదు. శనివారం పొద్దున నా ఇఖామా రద్దు చేయించి, పారిపోయినవాడినని పోలీసు కాగితం పెడతానని కబురంపాడు. అది పెడితే ఏమవుతుందో ఇక్కడ ఉన్నవాళ్ళకు చెప్పనక్కరలేదు. ముందు జైలు, తర్వాత విమానం, ఆ తర్వాత ఈ నేల మీద మళ్ళీ కాలు పెట్టలేం. రాయచోటి పక్కన మా ఇంట్లో నా భార్యా, ఇద్దరు చిన్నబిడ్డలూ నన్నే నమ్ముకుని ఉన్నారు. గురువారం అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేకపోయాను.

సారు నా పక్కన కూర్చుని, “రేపు అబూ నాసర్ కబ్ద్ ఎడారిలో తన గుడారంలో ఉంటాడు. పోదాం పా. నాకూ ఆయనతో చిన్న పని ఉంది” అన్నారు.

“నన్ను చూస్తే అక్కడికక్కడే పట్టిస్తాడు సారూ!”

“కనోస్సా కోట కథ మరిచితివా?”

మరవలేదు. వెలివేతకు గురైన చక్రవర్తి నడి చలికాలంలో కొండలు దాటి, పోపు బస చేసిన ఆ కోట వాకిట్లో మూడు రోజులు మంచులో చెప్పుల్లేకుండా నిలబడ్డాడు. (నేను చక్రవర్తి అంటే, “అప్పటికింకా రాజే అబ్బీ, కిరీటం తర్వాత పెట్టించుకున్నాడు” అని సారు సరిదిద్దేవారు. నాకు మాత్రం చక్రవర్తే.) అందరూ దాన్ని చక్రవర్తికి జరిగిన అవమానంగా చెబుతారు. సారు చెప్పేది వేరు. “తప్పయిందని వాకిట్లో నిలబడినవాణ్ణి క్షమించకుంటే పోపు పోపే కాదు. నిలబడి, ఆయన చేతులు కట్టేసినాడు.”

మరి కబ్ద్‌లో కట్టేసేది ఏమిటి? దారిలో, వానెట్టు అనే ఒక చిన్న ట్రక్కు వెనక కూర్చుని చలికి వణుకుతూ పోతుండగా సారు విప్పి చెప్పారు. అరబ్బు గుడారంలో అతిథికి గహ్వా ఇస్తారు, అదే వాళ్ళ కాఫీ. అతిథి తాగకుండా ఫింజాన్, అంటే ఆ చిన్న కప్పు, కింద పెడితే, అతనికి ఏదో కోరిక ఉందని అర్థం. అది విని తీర్చకుండా పంపడం గుడారానికి అప్రతిష్ఠ. “నీ చేతికి ఫింజాన్ వస్తుంది. తాగొద్దు. కింద పెట్టు. ఎందుకని అడుగుతాడు. అప్పుడు నోరు తెరువు. నేను అరబ్బీలో చెప్తా.” పదిసార్లు నాచేత అప్పజెప్పించారు.

గుడారంలో పన్నెండు పదమూడు మంది కూర్చున్నారు. అబూ నాసర్ నన్ను చూడగానే ముఖం తిప్పేసుకున్నాడు. సారు గుమ్మం దగ్గరే ఆయనతో ఏదో రెండు ముక్కలు మాట్లాడి వచ్చి, నా పక్కన కూర్చున్నారు. గహ్వా పోసేవాడు వంగి నా చేతిలో ఫింజాన్ పెట్టాడు. ఏమైందో నాకు ఇప్పటికీ తెలియదు. పెద్దవాళ్ళ ఎదుట, వాళ్ళింట్లో ఇచ్చినదాన్ని వదిలిపెట్టడం మా ఇళ్ళల్లో ఎంత తప్పో పుట్టినప్పటినుంచీ చెప్పించుకున్న చెయ్యి అది. గటగట తాగేశాను. తాగి, అలవాటుగా చిరునవ్వు కూడా నవ్వాను. తిరిగి చూస్తే సారు ముఖం తెల్లబోయి ఉంది.

“తాగేస్తివే” అన్నారు, పెదవులు కదలకుండా.

అడిగే హక్కు నేను మింగేశాను. అబూ నాసర్ పక్కవాడితో ఒంటెల సంగతి మాట్లాడటం మొదలుపెట్టాడు. రేపు శనివారం. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పుడు సారు వంతు వచ్చింది. ఆయన ఫింజాన్ అందుకుని కాసేపు అలాగే చేతిలో పట్టుకున్నారు. రెండో చెయ్యి కోటు జేబు మీద ఉంది. నా వైపు ఒకసారి చూశారు. జేబు మీది చెయ్యి తీసేశారు. ఫింజాన్‌ను తివాచీ మీద, తన ముందు, మెల్లగా పెట్టారు.

మాటలు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి.

“ఇష్రబ్” అన్నాడు అబూ నాసర్, తాగమని.

“నా మాట విన్నాక తాగుతాను” అన్నారు సారు అరబ్బీలో.

“ఇది మా ఆచారం. మీరు హిందీలు, ఇండియా వాళ్ళు. మీకేం సంబంధం?” కఫీల్ గొంతులో వేడి నాకు భాష రాకపోయినా తెలిసింది. అక్కడ అనుకున్న ప్రతి మాటనూ తర్వాత సారే నాకు విడమరిచి చెప్పారు. ఆయన ఇఖామా కూడా ఆ చేతిలోనే ఉందన్న సంగతి నాకప్పుడు గుర్తొచ్చింది.

“ఆచారం గుడారానిది. కూర్చున్నవాడిది కాదు” అన్నారు సారు.

గహ్వా పోసేవాడు పాత్ర పట్టుకుని నిలబడిపోయాడు. ఫింజాన్ మీద ఆవిరి ఆగిపోయింది. అబూ నాసర్ సారునే చూస్తున్నాడు, సారు ఫింజాన్‌ను చూస్తున్నారు. ఎంతసేపో చెప్పలేను. కఫీల్ పక్కన ఉన్న ముసలాయన తన ఫింజాన్ కూడా కింద పెట్టేదాకా అలాగే ఉంది.

“చెప్పు” అన్నాడు అబూ నాసర్ చివరికి.

సారు అడిగింది రెండు ముక్కలే. నామీద కాగితం పెట్టొద్దని ఒకటి. దుకాణంలో మనిషిని ఎంచుకునేది ముదీర్, ఇఖామా మీద సంతకం అబూ నాసర్‌ది, ఇద్దరూ సరేనంటేనే కొత్తవాడు రావాలని రెండోది. ఇటలీలో ఆ తగువు దాదాపు యాభై ఏళ్ళు నడిచి, ఉంగరమూ దండమూ ఒకరివి, భూమి ఇంకొకరిది అని ఇలాంటి పంపకంతోనే సద్దుమణిగింది. కఫీల్‌కు ఆ కథ తెలియదు. అయినా తలూపి, “తాగు, నీ మాట నెరవేరింది” అన్నాడు. సారు చల్లారిన గహ్వాను ఒక్క గుక్కలో తాగారు.

తిరుగు దారిలో నాకు పట్టరాని ఆనందం. “నేను చేసిన పనికి తిట్టండి సారూ” అన్నాను.

“ఇచ్చింది వదిలిపెట్టేది మన ఇండ్లల్లో తప్పు. ఆ తప్పు నీతో కాలేదు, అంతే.”

“మరి మీ పని?”

“ఇంగోసారి చూద్దాంలే.”

ఏడెనిమిదేళ్ళ కిందటి మాట అది. ఆ ఇంకోసారి ఏమిటో నేను అడగలేదు. నా గండం గడిచింది, నాకు అది చాలింది. మనిషి ఎంత స్వార్థపరుడో నన్ను చూస్తే తెలుస్తుంది.

సారును ఖననం చేసిన రోజు ఖబరస్తాన్‌లో మట్టి వేసి వస్తుంటే అబూ నాసర్ నా భుజం పట్టుకుని ఆపాడు. ముసలివాడయ్యాడు. వచ్చీరాని ఉర్దూలో చెప్పాడు. కబ్ద్‌లో ఆనాడు గుడారం గుమ్మం దగ్గర సారు ఆయనతో అన్నది, భార్యను కువైట్ పిలిపించుకునే కాగితం జేబులో ఉంది, అడగడానికే వచ్చాను అని. నా గండం తీర్చాక, మేం బయల్దేరుతుండగా సారును పక్కకు పిలిచి, నీ కాగితం ఏదని ఆయనే అడిగాడట. ఒక గుడారంలో రెండు కోరికలు మర్యాద కాదు, మళ్ళీ వస్తానన్నారట సారు. “మళ్ళీ రాలేదు. అతను వస్తాడని నేను చూశాను, నేను పిలుస్తానని అతను చూశాడేమో. నేను పిలవాల్సింది” అన్నాడు కఫీల్, ఏడుస్తూ. ఆయన్ను నేనేమనగలను? గహ్వా తాగింది నేను.

సారు భార్య ఖైరున్నిసా గారు ప్రొద్దుటూరులో పంతులమ్మ. జరిగిందంతా దాచకుండా ఆమెకు రాశాను. నోటు పుస్తకాలు తెచ్చి ఇస్తానని కూడా రాశాను. నిన్న జవాబు వచ్చింది. ఇంత పాండిత్యం, ఇంత ధైర్యం, ఇంత మర్యాద కూడిన ఒక మహామనీషిని ఎలా తలుచుకోవాలో నాకన్న ఆమెకే బాగా తెలుసు గనుక, నా ప్రణామాంజలికి బదులు ఆమె మాటలే ఇక్కడ దించుతున్నాను.

“నాయనా, ఆ చలికాలం ఆయన నాకొక కార్డు రాసినాడు. ఈసారికి నీ కాగితం కాలేదు, ఒక అబ్బి పని ముందు పడింది, వానికి ఇద్దరు చిన్నబిడ్డలు అని. నేను అప్పటికే పెట్టె సర్దుకోనుంటి. బడికి సెలవు గూడా రాసిస్తి. మళ్ళా పెట్టె విప్పినా. ఆ అబ్బి ఎవరో తెలీదు గాబట్టి ఇన్నేండ్లూ ఎవురినీ తిట్టుకోలా. ఇప్పుడు తెలిసినా తిట్టబుద్ధి గాలేదు. నీ బిడ్డలిద్దరూ ఏం చదువుతాండారు?”

జవాబు నాకు తెలుసు. పొద్దుటినుంచీ కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను, రాయడానికి చెయ్యి రావడం లేదు. ఏం రాయాలని అడుగుదామంటే సారు లేరు.