పోలింగ్ బూత్‌లో నాన్న అడిగిన మాట

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని అమ్మ ఊరికే అనేది కాదు. డెబ్భైల చివర్లో పుదుచ్చేరిలో తెలుగువాళ్ళ కోసం పార్టీ పెట్టాడు మా నాన్న. మిల్లు కార్మికుడు. పార్టీ అంటే పదకొండు మంది మనుషులు, నెల్లితోపులో మా వసారా, అందులో ఒక బల్ల. కోరిక ఒక్కటే, మా వీధి బడికి ఒక తెలుగు అయ్యవారు. అడగబోతే విద్యాశాఖ ఆఫీసులో దొర, ఈ ఊళ్ళో తెలుగువాళ్ళెక్కడున్నారయ్యా అని నవ్వి పంపించాడట. ఆ నవ్వు నాన్నకు అరగలేదు. ఎన్నికల్లో నిలబడ్డాడు.

నన్ను బూత్‌లో ఏజెంటుగా కూర్చోబెట్టాడు. వచ్చిన ఓటరు ఎవరో గుర్తుపట్టడం నా పని. పొద్దున బయల్దేరేటప్పుడు అన్నాడు.

"ఓటు వాళ్ళిష్టం మ్మా. నువ్వు మాత్రం మనోళ్ళను మన మాటలో పలకరించు. వాళ్ళూ మన మాటే అంటారు. ఆఫీసర్లు చెవులారా వినాల, మనం ఉండామని."

మొదట వచ్చింది, కొళాయి దగ్గర రోజూ నాతో తెలుగులో పోట్లాడే పక్కింటి అత్త. బాగుండావా అత్తా అన్నాను. పెద్ద పార్టీల ఏజెంట్లిద్దరూ తలెత్తి చూశారు. అత్త నేలచూపులు చూస్తూ తమిళంలో ఏదో గొణిగి, వేలికి సిరా పూయించుకుని వెళ్ళిపోయింది. తర్వాత కిరాణా కొట్టు మామ. ఆయనా తమిళమే. మా పదకొండు మందిలో ఒకాయనైతే నన్ను ఎరగనట్టే నడిచాడు. ఒళ్ళు మండిపోయింది. మధ్యాహ్నానికి ఆ మంట కూడా చల్లారి, అంతమందిలో నేనొక్కదాన్నే మిగిలినట్టు ఏడుపొచ్చింది. పలకరించడం మానేశాను.

సాయంత్రం జనం పలచబడ్డాక నాన్న వచ్చాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని. ఓటేసి నా ముందు ఆగాడు. అందరికీ వినపడేలా అడిగాడు.

"తిన్నావా మ్మా?"

ఏజెంట్లిద్దరూ నావైపే చూస్తున్నారు. నా నోట మన్ను పడ, "సాప్టేన్‌ప్పా" అన్నాను తమిళంలో.

నాన్న తల ఊపి వెళ్ళిపోయాడు.

ఓడిపోతామని అందరికీ తెలుసు, ఓడిపోయాం. నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. మర్నాడు కాఫీ ఇస్తే, నువ్వు తాగావా అని అడిగాడు, తమిళంలో. కోపంగా కాదు, నాకు ఇబ్బంది కలగకూడదన్నట్టు. ఆ తర్వాత పదేళ్ళు బతికాడు. నేను తెలుగులో పిలిచినా జవాబు తమిళంలోనే వచ్చేది. వంటింట్లో అమ్మతో ఆయన తెలుగులో మాట్లాడుతుంటే, నేను గుమ్మం బయట నిలబడి వినేదాన్ని.