కొత్త బండి, దొరగారి స్ప్రింగులు

ఇది రథాల కథ. చక్రం ఊడటం, ఇచ్చిన మాట, శత్రువు పరీక్షకు రావడం అన్నీ ఉన్నాయి. నిజం చెప్పొద్దూ, రథమంటే మా కొత్త ఒంటెద్దు గూడుబండి. శత్రువు దాన్ని చేసిన వడ్రంగి.

బండి అప్పగించిన రోజున ఆయన ఇరుసు మీద చెయ్యి వేసి, ఏడాదిలోపు చక్రం పాడైతే ఊరికే కొత్తది చేసిస్తానన్నాడు. నెల తిరక్కుండా మామ్మ నడుము నొప్పంది. ధవళేశ్వరంలో ఒక దొరగారి విరిగిన గుర్రబ్బండి వేలానికొస్తే, నాన్నగారు దాని స్ప్రింగులు తెచ్చి కమ్మరి చేత మా బండికి బిగించారు. బండి ఊయలలా ఊగింది. మామ్మకు నడుము నొప్పి పోయి వాంతులు పట్టుకున్నాయి.

వేసవిలో కాలవలకి నీళ్లు కట్టేసిన పదోనాడు ఎడమ చక్రం మధ్య కర్ర ఆకులు వదులై, చుట్టూ ఉన్న ఇనప పట్టా ఊడి దొర్లిపోయింది. నాన్నగారికి వడ్రంగి మాట గుర్తొచ్చింది. ఆ వెంటనే స్ప్రింగులూ గుర్తొచ్చాయి. నాన్నగారూ నేనూ వాటిని విప్పి గడ్డివాములో దూర్చాకే వడ్రంగికి కబురంపాం.

వడ్రంగి చక్రం వంక చూడనైనా లేదు. నేరుగా బండి కిందికి దూరాడు.

"ఈ బెజ్జాలేంటండి బాబుగారూ?"

"నువ్వు పెట్టినవే కదయ్యా!"

"నా బెజ్జాలు నాకు తెలీవాండి?"

"అయితే చెదలేమో."

"చెదలు కొలతేసుకుని తింటాయాండి?"

"మా ఇంటి చెదలు బళ్లో చదువుకున్నాయండి" అన్నాను. నాన్నగారు చూసిన చూపుకు నిజం చెదలున్నా చచ్చేవి.

"నా పూచీ నేను చేసిన బండికండి. ఇది మీరు చేసుకున్న బండి."

"పచ్చి కర్ర పెట్టావని నాకు మొదట్నించీ అనుమానమే!"

అరుగు మీంచి మామ్మ అడిగింది: "చక్రాలు నీళ్లలో దిగి ఎన్నాళ్లయిందిరా?"

రోజూ సాయంత్రం ఎద్దును కడగడానికి బండితో సహా కాలవలోకి దింపేవాళ్లం. కాలవ ఎండింది. ఎద్దును నూతి దగ్గర కడిగాం. బండి సంగతి ఎవరికీ తట్టలేదు.

వడ్రంగి పట్టా తొడిగి, కాలవ లాకుల కింద మిగిలిన మడుగులో చక్రాన్ని రెండు రోజులు నానేశాడు. కర్ర ఉబ్బి పట్టా బిగిసింది. కొత్త చక్రం రాలేదు. వెళ్తూ వెళ్తూ, "ఇక పూచీ లేదండి. బెజ్జాలు పడ్డాయి కదా" అన్నాడు. నాన్నగారు వాము వైపు చూడకుండా తలూపారు.

కాలవలు కట్టేసిన రోజుల్లో బండి చక్రానికి పొద్దున రెండు బిందెలు, సాయంత్రం రెండు బిందెలు నీళ్లు పొయ్యాలి.