సిద్దిరాములు సారు తుమ్ము

సిద్దిరాములు సారు తుమ్మితే ఎక్కడివాళ్లు అక్కడ ఆగిపోయేవారు. నశ్యం అంటే ఆయనకు ప్రాణం. చిటికెడు పీల్చి, కళ్లు మూసి, నోరు తెరిచి, చుట్టూ ఉన్నవాళ్లను కాసేపు భయపెట్టి, బడి పెంకులు కదిలేలా ఒక్కటి తుమ్మేవారు. మంచి పనికి బయలుదేరినవాళ్లు తుమ్ము వినబడితే ఆగి, కూర్చుని, నీళ్లు తాగి కదలాలి కదా! ఆయన పుణ్యమా అని రామన్నపేటలో ఎన్ని పెళ్లిచూపులు వాయిదా పడ్డాయో! ఒకసారి బస్సులో తుమ్మితే డ్రైవరు ఇంజను ఆపేసి, దిగి నీళ్లు తాగి వచ్చాడు. కండక్టరు మాత్రం సారునే దింపేద్దామన్నాడు.

అలాంటి మనిషిని అరవైల్లో ఒక పంచాయతీ ఎన్నికకు పోలింగు ఆఫీసరుగా వేశారు. ఆయన బడిలోనే పంతులునైన నన్ను వేలికి సిరా పూయడానికి వేశారు.

పొద్దున్నే మొదలైంది భాగోతం. ఓటరు తెర వైపు అడుగేయడం, సారు తుమ్మడం, ఓటరు చతికిలబడటం.

"సారూ, జర ఆపుండ్రి. లైను కల్లు దుకాణం దాకా పోయింది," అన్నాను.

"ముక్కు నా మాట ఇంటదా?" అంటూ మళ్లీ పీల్చారు. నాకు ఒళ్లు మండింది.

మధ్యాహ్నం పటేలు మనిషి గోపయ్య, కూలికి పోయే బీరమ్మను రెక్క పట్టి తెచ్చాడు. వార్డు మెంబరుకు పటేలు బావమరిది ఒకవైపు, కూలోళ్ల వాడలో మంచినీళ్ల బావి తవ్విస్తానన్న కాటమయ్య మరోవైపు నిలబడ్డారు. నీళ్లు మోసి మోసి మెడలు పడిపోయిన బీరమ్మ ఓటు ఎటో గోపయ్యకూ తెలుసు.

"దీనికి కండ్లు కనవడయ్ సారు. నేనే లోపలికొచ్చి ముద్ర ఏస్త."

చూపు లేనివాళ్లకు తోడు రావచ్చు. బీరమ్మకు చూపు బాగానే ఉంది, కానీ పటేలు పొలంలో కూలి చేసే మనిషి ఏమంటుంది? మేం కాదంటే బయట కర్రలు లేస్తాయి.

"సరే, పోండ్రి," అన్నారు సారు. గోపయ్య అడుగేశాడు. సారు తుమ్మారు.

"ఏంది సారు, మంచి పనికి పోంగ!"

"ఫికర్ చెయ్యకు. అరుగు మీద కుండ ఉన్నది. కూసొని నీళ్లు తాగి రా."

పటేలు బావమరిదికి అపశకునం తగిలితే గోపయ్య బతుకుతాడా? బయటికి పరుగెత్తాడు.

"నువ్వు తాగవా అవ్వా?" అన్నారు సారు.

"తుమ్ములకు ఆగితె మాకు కూలెవలిస్తరు సారూ?" అంటూ బీరమ్మ కాగితం అందుకుని, ఎక్కడా తడుముకోకుండా తెర వెనక్కి పోయింది. ముద్ర వేసి, కాగితం పెట్టెలో వేసి, సారు దగ్గర ఆగింది.

"నాదయింది సారూ. నా ఎనక మా వాడ సైదమ్మను తెస్తడు గోపయ్య. జర గట్టిగ తుమ్ముండ్రి."

నాకు ఆ ముక్కుకు దండం పెట్టాలనిపించింది. పోలింగు ముగిసేలోగా గోపయ్య కుండెడు నీళ్లు తాగాడు. తెర వెనక్కి మాత్రం ఒక్కసారీ పోలేకపోయాడు.