తిట్టుకోవడానికి ఒక మనిషి

విజయవాడ నుంచి చల్లపల్లి వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దావిడ, నా ఫోనులో షేర్ల ధరలు చూసి, సంచిలోంచి రెండు మ్యూచువల్ ఫండ్ల కాగితాలు తీసిచ్చారు. ఒకటి ఇండెక్స్ ఫండ్, రెండోది మేనేజరు తన తెలివితో షేర్లు ఏరి కొనే ఫండ్.

"దేన్లో వెయ్యమంటావమ్మా?"

ఇలా అడిగేవాళ్ల కోసం నేనెప్పుడూ కాచుక్కూర్చునే ఉంటాను. ఇండెక్స్ ఫండులో ఏరేవాళ్లు ఉండరనీ, మార్కెట్ సూచీలో ఉన్న కంపెనీలన్నిటి షేర్లూ కొనేస్తారనీ, అందుకే ఖర్చు తక్కువనీ, చాలామంది మేనేజర్లు తీసుకునే డబ్బుకు తగ్గట్టు సంపాదించి పెట్టలేరనీ ఉయ్యూరు దాటేదాకా చెప్పాను.

"మరి నష్టమొస్తే ఎవర్ని అడగాలి?" అన్నారావిడ.

"ఎవరూ ఉండరు ఆంటీ. మార్కెట్ పడితే అదీ పడుతుంది."

ఆవిడ సంచి ఒళ్లోకి లాక్కున్నారు.

"మా ఆయనకి ఆటోనగర్లో స్పేర్ పార్ట్స్ షాపుండేది. ఎవరో చెప్పారని షేర్లు కొనేవారు. డబ్బు పోయినప్పుడల్లా కడిగిపారేసేదాన్ని. పాపం, తలొంచుకుని అన్నం తినేవారు. ఆయన పోయి రెండేళ్లయిందమ్మా."

మేనేజరున్న ఫండు కాగితం నా చేతిలోంచి తీసుకున్నారు.

"మనిషున్నదే ఉండనీ. ఆ ఎక్కువ ఖర్చు, తిట్టుకోడానికి అనుకుంటాను."

నా డబ్బు ఇప్పటికీ ఇండెక్స్ ఫండులోనే ఉంది. మొన్న మార్కెట్ బాగా పడిన రోజు, కాఫీ చల్లార్చుకున్నారని మా ఆయన మీద విరుచుకుపడ్డాను. ఆయన తలొంచుకుని తాగబోతుంటే ఆవిడ గుర్తొచ్చారు. కప్పు తీసుకెళ్లి వేడిచేసి తెచ్చాను.